ఒక ప్రశ్న పేరు తెచ్చింది.. ఒక టికెట్టు తీసుకుపోయింది

బీఏ అంటేనే పెదవి విరిచేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉంటారు. అందులోనూ ఫిలాసఫీ అంటే 'దాంతో ఏం చేస్తావ్?' అని ముఖం మీదే అడిగేస్తారు. ఈ ప్రశ్నకు జవాబుగా చెప్పదగ్గ మనిషి ఒకాయన ఉన్నారు. బ్రిటన్‌లో ఫిలాసఫీ పాఠాలు చెప్పుకునే మాస్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రేడియో పుణ్యమా అని దేశంలో దాదాపు ప్రతి ఇంటికీ తెలిసిన గొంతు ఆయనది. పేరు సి.ఇ.ఎం. జోడ్. ఆయన ఎలా పైకొచ్చారో తెలుసుకుంటే ఉద్యోగ వేటలో ఉన్న కుర్రాళ్లకు ఎంత లాభమో, ఎలా కింద పడ్డారో తెలుసుకుంటే అంతకు రెట్టింపు లాభం. అందుకే ఈ వారం ఆయన గురించి.

పదహారేళ్లు ఆఫీసులోనే..

జోడ్ 1891లో ఇంగ్లండ్‌లోని డరమ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియోల్ కాలేజీలో చదివారు. చదువైపోగానే ఆయన్ను ఏ యూనివర్సిటీ పిలిచి కుర్చీ వేయలేదు. 1914లో ప్రభుత్వోద్యోగంలో చేరారు. మొదట వాణిజ్య శాఖ, తర్వాత కార్మిక శాఖ. ఫైళ్లు, నోట్లు, సంతకాలు. 1930 దాకా, అంటే పదహారేళ్లపాటు అదే పని.

అయితే ఆ పదహారేళ్లూ ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఉద్యోగం చేస్తూనే ఫిలాసఫీ మీద పుస్తకాలు రాశారు. మామూలు చదువరికి అర్థమయ్యేలా నీతిశాస్త్రం గురించి, ఆధునిక తత్వశాస్త్రం గురించి వరసగా ప్రచురించారు. 1930లో లండన్ యూనివర్సిటీకి చెందిన బిర్క్‌బెక్ కాలేజీలో ఫిలాసఫీ విభాగానికి అధిపతి కావలసి వచ్చినప్పుడు ఆయన చేతిలో చూపించడానికి పని ఉంది. అప్పటికి ఆయన వయసు ముప్పై ఎనిమిది దాటింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇరవై మూడేళ్లకే 'కలల ఉద్యోగం' దొరక్కపోతే జీవితం అయిపోయినట్టు బాధపడే పిల్లలు మనకు ఎక్కువైపోయారు. గ్రూప్స్ రాలేదనో, క్యాంపస్‌లో సెలెక్ట్ కాలేదనో, నచ్చని ఉద్యోగంలో చేరాల్సి వచ్చిందనో కుంగిపోతారు. నచ్చని ఉద్యోగంలో ఉన్నా సాయంత్రాలు మనవే. ఆ సాయంత్రాల్లో ఏం పోగుచేసుకున్నామన్నది పదేళ్ల తర్వాత బయటపడుతుంది. జోడ్ విషయంలో జరిగింది అదే.

బిర్క్‌బెక్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1823లో పనివాళ్ల చదువు కోసం మొదలైన సంస్థ అది. పగలంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సాయంత్రం వచ్చి డిగ్రీ చదువుకునే కాలేజీ. రోజంతా అలసిపోయి వచ్చిన మనిషిని రాత్రిపూట బెంచీ మీద కూర్చోబెట్టి, ప్లేటో గురించి చెప్పి, నిద్రపోకుండా వినిపించడం చిన్న విషయం కాదు. తేలిక మాటల్లో చెప్పలేకపోతే ఆ క్లాసు నడవదు. తర్వాత రేడియోలో ఆయనకు పనికొచ్చిన విద్య ఆ సాయంత్రం క్లాసుల్లో అలవడిందేనని అనుకోవడానికి వీలుంది.

మన రాధాకృష్ణన్ మీద పుస్తకం

జోడ్‌కు తెలుగు నేలతో కూడా చిన్న సంబంధం ఉంది. 1933లో ఆయన 'కౌంటర్ అటాక్ ఫ్రమ్ ద ఈస్ట్' అనే పుస్తకం రాశారు. అది పూర్తిగా సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వచింతన గురించి. అప్పటికి రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్స్‌లర్. ఒకప్పుడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పిన మాస్టారు, ఆ రోజు వాల్తేరులో యూనివర్సిటీని నిలబెడుతున్నారు. ఆ సమయంలో లండన్‌లో కూర్చున్న మరో ఫిలాసఫీ మాస్టారు ఆయన ఆలోచనను ఇంగ్లిష్ చదువరులకు పరిచయం చేశారు. 1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ఆ తర్వాత రాయబారి, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి. 'ఫిలాసఫీతో ఏం చేస్తావ్?' అనేవాళ్లకు మన ఇంట్లోనే ఇంత పెద్ద జవాబుంది.

కోటిమంది విన్న క్లాసు

1941 జనవరి 1. లండన్ మీద బాంబులు పడుతున్న రోజులు. సైనికుల కోసం నడిపే చానెల్‌లో బీబీసీ ఒక కొత్త కార్యక్రమం మొదలుపెట్టింది. శ్రోతలు ఉత్తరాల్లో ప్రశ్నలు పంపుతారు. స్టూడియోలో ముగ్గురు కూర్చుని జవాబు చెబుతారు. జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ, నౌకాదళంలో పనిచేసి ప్రపంచమంతా తిరిగొచ్చిన కమాండర్ క్యాంప్‌బెల్, ఫిలాసఫీ మాస్టారు జోడ్. ప్రశ్న ఏమిటో ముందుగా చెప్పరు. కాగితం చూసి చదవడం ఉండదు. అప్పటికప్పుడు ఆలోచించి మాట్లాడాలి. కొద్ది వారాలకని మొదలైన ఆ కార్యక్రమం 'బ్రెయిన్స్ ట్రస్ట్' పేరుతో ఏళ్ల తరబడి నడిచింది. మంచి ఊపులో ఉన్నప్పుడు కోటిమందికి పైగా వినేవారు. ఉత్తరాలు వారానికి వేలల్లో వచ్చేవి.

ప్రశ్నలు కూడా గమ్మత్తుగా ఉండేవి. జీవితానికి అర్థం ఏమిటని ఒకరు అడిగితే, ఈగ ఇంటి కప్పు మీద తలకిందులుగా ఎలా వాలుతుందని ఇంకొకరు. ఆ ఈగ ప్రశ్న మీద దేశమంతా వాదించుకుంది. ఏ ప్రశ్న వచ్చినా జోడ్ మొదట అనే మాట ఒకటి ఉండేది: 'మీరు ఆ మాటకు ఏ అర్థం చెప్పుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.' ఇది ఎంత ప్రసిద్ధి చెందిందంటే, పిల్లలూ హాస్యనటులూ ఆయన్ను అనుకరించడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

నవ్వులాటగా కనిపించినా అది ఫిలాసఫీ మొత్తానికీ మొదటి మెట్టు. మాటకు అర్థం తేల్చుకోకుండా వాదించేవాళ్లు ఇద్దరూ రెండు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతుంటారు, ఒకే విషయం అనుకుంటూ. ప్లేస్‌మెంట్ సీజన్‌లో గ్రూప్ డిస్కషన్ చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. 'ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయా?' అని టాపిక్ ఇస్తారు. ఎనిమిది మంది ఒకేసారి అరుస్తారు. ఒకరు ఫ్యాక్టరీల గురించి, ఒకరు సాఫ్ట్‌వేర్ గురించి, ఇంకొకరు మనుషుల తెలివి గురించి. ఆ గోలలో ఒకరు నెమ్మదిగా, 'ఉద్యోగం పోవడం అంటే మనిషిని తీసేయడమా, లేక అదే మనిషి చేసే పని మారిపోవడమా? ఈ రెండింటినీ విడదీసి మాట్లాడుకుందామా?' అన్నారనుకోండి. గది ఒక్కసారి సర్దుకుంటుంది. మార్కులు వేసేవాళ్ల కళ్లు అటు తిరుగుతాయి.

అయితే జోడ్ చేసిన ఇంకో పనిని మరిచిపోకూడదు. అర్థం అడిగి అక్కడితో ఆగలేదు. అర్థం తేల్చాక సూటిగా జవాబు చెప్పేవారు. ఇంటర్వ్యూలో ప్రతి ప్రశ్నకూ ఎదురు ప్రశ్న వేస్తూ కూర్చుంటే తెలివి కాదు, తప్పించుకోవడం అనుకుంటారు. ఒక్క వాక్యంలో హద్దు గీయాలి, తర్వాత మీ జవాబు, దానికో ఉదాహరణ. అంతే. రోజుకో ప్రశ్న తీసుకుని రెండు నిమిషాలు కాగితం లేకుండా మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మర్నాడు మీరే వినండి. ఎక్కడ నీళ్లు నమిలారో మీకే తెలుస్తుంది. ఏ కోచింగ్ సెంటరూ ఇంతకంటే చవకగా నేర్పలేదు.

ఇంత పేరొచ్చినా తోటి పండితులు జోడ్‌ను పెద్ద తత్వవేత్తగా ఒప్పుకోలేదు. ఇతరుల ఆలోచనలను తేలిక చేసి చెబుతారు తప్ప సొంతంగా కొత్తది చెప్పలేదన్నారు. జనం 'ప్రొఫెసర్ జోడ్' అని పిలిచేవారు గానీ నిజానికి కాలేజీలో ఆయన హోదా ప్రొఫెసర్ కాదు, రీడర్. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కానీ పెద్ద ఆలోచనను పాడుచేయకుండా మామూలు మనిషి చేతిలో పెట్టడం కూడా ఒక నైపుణ్యమే. దానికి ఈ రోజుకీ మార్కెట్ ఉంది.

ఒక పౌండు కూడా లేని టికెట్టు

ఇక అసలు విషయానికొద్దాం. 1948 జనవరిలో జోడ్ లండన్‌లోని వాటర్లూ స్టేషన్ నుంచి ఎక్సెటర్ వెళ్లే రైలెక్కారు. టికెట్టు కొనలేదు. తనిఖీకి వచ్చిన ఉద్యోగి అడిగితే, మధ్య స్టేషన్‌లో ఎక్కానని చెప్పారు. అది అబద్ధమని తేలింది. కేసు కోర్టుకు వెళ్లింది. ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. జరిమానా రెండు పౌండ్లు, ఖర్చుల కింద పాతిక గినీలు. ఆయన ఎగ్గొట్టబోయిన టికెట్టు ధర ఒక పౌండు కూడా లేదు.

డబ్బుల్లేక చేసిన పని కాదది. పుస్తకాల మీద రాబడి ఉంది, రేడియో మీద రాబడి ఉంది, కాలేజీ జీతం ఉంది. టికెట్టు లేకుండా ప్రయాణించడం ఆయనకు ఆటగా మారిన పాత అలవాటని తర్వాత బయటికొచ్చింది. పత్రికలు మొదటి పేజీల్లో వేశాయి. బీబీసీ ఆయన్ను పక్కన పెట్టేసింది. అంతటితో రేడియో జీవితం దాదాపు ముగిసింది. ఆరోగ్యం కూడా దెబ్బతింది. 1953 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

శిక్ష మరీ ఎక్కువైందా? చట్టం వేసిన శిక్ష రెండు పౌండ్లే. మిగతాది శ్రోతలు వేసింది. వాళ్ల కోణంలో ఆలోచించండి. యుద్ధం రోజుల్లో రేషన్ కార్డు పట్టుకుని క్యూలో నిలబడి, ఇచ్చినంతే తీసుకుని వెళ్లిన జనం. ఏది మంచి, ఏది చెడు అని వారం వారం వాళ్లకు చెప్పిన గొంతు, రైల్లో టికెట్ కలెక్టరు ముందు అబద్ధం ఆడిందని తెలిస్తే ఎలా ఉంటుంది? ఆయన తెలివి ఏమీ తగ్గలేదు. తత్వశాస్త్రం మరిచిపోలేదు. మాట మీద నమ్మకం ఒక్కటే పోయింది. మాటే పెట్టుబడిగా బతికే మనిషికి అది పోతే ఇంకేముంటుంది?

మన టికెట్టు సంగతేంటి?

ఇదంతా ఎప్పుడో పరాయి దేశంలో జరిగిన ముచ్చట అనుకుంటే పొరపాటు. మన దగ్గర ఆ టికెట్టుకు వేరే పేర్లున్నాయి. డబ్బులిచ్చి కొన్న రెడీమేడ్ ప్రాజెక్టు. చేయని ఇంటర్న్‌షిప్‌కు సర్టిఫికెట్. మూడేళ్లు 'పెట్టించుకున్న' ఎక్స్‌పీరియన్స్. దానికి తోడు దొంగ పేస్లిప్పులు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మన బదులు ఇంకొకరు మాట్లాడటం. హైదరాబాద్ హాస్టళ్లలో ఈ మాటలు ఎవరికీ కొత్త కాదు. 'అందరూ పెడుతున్నార్రా, నువ్వొక్కడివే సత్యహరిశ్చంద్రుడివా?' అని చెప్పే సీనియర్ ప్రతి గదిలోనూ ఒకడుంటాడు.

ఆ కుర్రాళ్లను తిట్టి ఊరుకోవడం న్యాయం కాదు. ఫ్రెషర్ పోస్టుకు రెండేళ్ల అనుభవం అడిగే కంపెనీలున్నాయి. ఏడాది గ్యాప్ కనిపిస్తే రెజ్యూమె పక్కన పడేసే హెచ్‌ఆర్‌లున్నారు. ఇంటి దగ్గర చదువుకు చేసిన అప్పు, నాన్న ఫోన్‌లో అడిగే 'ఏమైంది నాన్నా?' అనే ప్రశ్న. ఈ ఒత్తిడిని కన్సల్టెన్సీ ముసుగులో కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. తప్పులో కంపెనీల వాటా ఉంది, ప్రాజెక్టులు అమ్ముకుంటున్నా చూసీచూడనట్టు వదిలేసే కాలేజీల వాటా ఉంది. అది ఒప్పుకునే ఈ మాట చెబుతున్నాం: ఆ టికెట్టు ధర చివరికి కట్టేది మాత్రం మీరు ఒక్కరే.

ఎలాగంటారా? ఆఫర్ లెటర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. మార్కుల మెమోలు యూనివర్సిటీకి వెళ్తాయి. పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ వెళ్తుంది. పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరు కింద మీరు ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పనిచేశారో ఉంటుంది. జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు, పన్ను రికార్డులు అడుగుతారు. ఒకచోట కలవకపోతే చాలు. చేరిన రెండేళ్లకు బయటపడినా ఆ రోజే బయటికి పంపేస్తారు. దొంగ పత్రం పెట్టడం ఫోర్జరీ కిందికొచ్చే నేరం కూడా. ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూలోనూ 'అక్కడెందుకు మానేశారు?' అనే ప్రశ్నకు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి.

బయటపడకపోయినా కథ సుఖాంతం కాదు. మూడేళ్ల అనుభవం ఉందన్నారు కాబట్టి మూడేళ్ల అనుభవం ఉన్నవాడి పనే ఇస్తారు. తెలియనిది అడగడానికి నోరు రాదు, అడిగితే దొరికిపోతామని భయం. నేర్చుకోవలసిన వయసులో దాక్కోవడం నేర్చుకుంటారు. అదే సీటుకు నిజాయతీగా 'ఫ్రెషర్' అని రాసి వెనక్కి వెళ్లిపోయిన ఇంకో పిల్లవాడో పిల్లో ఉంటారని కూడా గుర్తుంచుకోవాలి.

మరి ఏం చేయాలి? గ్యాప్ ఉంటే గ్యాప్ అనే రాయండి. 'ఆ ఏడాది గ్రూప్-2కు ప్రిపేరయ్యాను, రాలేదు, ఆ చదువులో ఇది నేర్చుకున్నాను' అని చెప్పగలిగితే అది మచ్చ కాదు. మీరు సొంతంగా చేసిన చిన్న ప్రాజెక్టు, కొన్న పెద్ద ప్రాజెక్టు కంటే నయం. ఎందుకంటే రెండో ప్రశ్న వేసినా మీరు జవాబు చెప్పగలరు. మొదటి జీతం తక్కువైనా సరే, అసలైన పేస్లిప్పు ఒకటి చేతిలోకి రానివ్వండి. జోడ్ పదహారేళ్లు ఆగారు. మనం పదహారు నెలలైనా ఆగలేమా?

ఈ దారిలో వెళ్లాలనుకుంటే..

పాఠం చెప్పడం, మైకు ముందు మాట్లాడటం రెండూ ఇష్టమున్నవాళ్లకు ఇప్పుడు దారులు మునుపటి కంటే ఎక్కువే. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫిలాసఫీ విభాగాలున్నాయి. యూజీసీ నెట్‌లో ఫిలాసఫీ ఒక సబ్జెక్టు. పీజీలో జనరల్ అభ్యర్థులకు 55 శాతం, రిజర్వుడ్ వర్గాలకు 50 శాతం మార్కులుంటే రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధనకు ఫెలోషిప్ ఉంటుంది. సివిల్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ ఉంది. మెయిన్స్‌లో ఎథిక్స్ పేపరైతే అందరూ రాయాల్సిందే.

ప్రసార రంగంలో ఆకాశవాణి కేంద్రాలు క్యాజువల్ అనౌన్సర్ల కోసం ఆడిషన్లు పెడుతుంటాయి. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి దూరవిద్యను నడుపుతోంది. దాని పాఠాలు రేడియో, టీవీల్లో విని చదువుకున్న ఉద్యోగులు, గృహిణులు ఎందరో. తెలంగాణలో టీశాట్ చానెళ్లు, దేశమంతటికీ స్వయం పోర్టల్ ఉన్నాయి. క్యాంపస్ రేడియో ఉన్న యూనివర్సిటీలో సీటొస్తే మొదటి ఏడాదే వెళ్లి తలుపు తట్టండి.

బయటి ప్రపంచంలో ఉదాహరణలకూ కొదవ లేదు. హార్వర్డ్‌లో మైకేల్ శాండెల్ 'న్యాయం' మీద చెప్పే క్లాసును 2009లో టీవీలో ప్రసారం చేసి, ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. ఏ దేశంలో కూర్చున్నా ఆ క్లాసు వినొచ్చు. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పిన నైజెల్ వార్బర్టన్ 2007లో తన మిత్రుడు డేవిడ్ ఎడ్మండ్స్‌తో కలిసి 'ఫిలాసఫీ బైట్స్' పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. ఒక్కో భాగంలో ఒక తత్వవేత్తతో చిన్న సంభాషణ. తెలుగులో ఆ స్థాయిలో ఫిలాసఫీ చెప్పే గొంతుల కోసం చోటు ఇంకా చాలా ఖాళీగానే ఉంది. ఒక మైకు, ఒక ఫోను, చదివే ఓపిక ఉన్నవాళ్లు ఆ ఖాళీలోకి నడిచి వెళ్లొచ్చు.

వెళ్లేవాళ్లు జోడ్ అడిగిన ప్రశ్నను వెంట తీసుకెళ్లండి. ఏ మాట విన్నా దాని అర్థం అడగండి. 'సక్సెస్' అంటే ఏమిటి? 'సెటిల్ అవ్వడం' అంటే ఏమిటి? 'అందరూ చేస్తున్నారు' అంటే అసలు ఎంతమంది? ఈ ప్రశ్నలు వేసుకున్నాక కూడా రెజ్యూమెలో ఒక అబద్ధం రాయాలనిపిస్తే, అప్పుడు ఆ టికెట్టు సంగతి గుర్తు చేసుకోండి. ధర ఒక పౌండు కూడా లేదు. కొనకపోయినందుకు ఆయన పోగొట్టుకున్నది ముప్పై ఏళ్ల కష్టం.